గుప్పెడుకి ఎన్ని పడుతున్నాయి?

ఆ ఆఫీసులో ఆమెని అందరూ ‘ఎక్కడమ్మ’ అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుగా అనేంత గుండె ధైర్యం ఒక్కరికీ లేదు.

ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగో అంతస్తులో, మెట్ల పక్కన, సగమే తెరుచుకునే కిటికీ ఉన్న గదిలో విధానాల పర్యవేక్షణ విభాగం ఉంది. పేరు చూసి భయపడకండి. అడవుల్నీ, చెరువుల్నీ, చేపల్నీ, తేనెటీగల్నీ, గడ్డి భూముల్నీ పాడుచేయకుండా వాడుకోవడానికి ప్రభుత్వం చేసిన నియమాలన్నీ ఏ స్థితిలో ఉన్నాయో ఏటా ఒక పట్టికలో రాసి పైకి పంపడం ఆ విభాగం పని. మొత్తం రెండువందల పద్నాలుగు వరుసలు. ప్రతి వరుస చివరా ‘స్థితి’ అని ఒక గడి. ఆ గడిలో ఎప్పుడు చూసినా ఒకటే మాట, ‘అమలులో ఉంది’. నిరుటి పట్టిక తీయడం, పైన సంవత్సరం మార్చడం, సంతకం పెట్టించడం, పంపేయడం. అంతే. అంత పెద్ద పనికి అక్కడ ఇద్దరు గుమస్తాలు, ఒక డైరెక్టరు.

ఈమె వచ్చి కూర్చున్న మొదటి వారమే నోరు తెరిచింది. అమలులో ఉందంటున్నారు సరే, ఎక్కడ ఉంది? ఎవరు చూశారు? పక్క సీటు గుమస్తా ముక్కున వేలేసుకున్నాడు. అప్పటి డైరెక్టరు ఆ ఫైలు మూసి పక్కన పెట్టాడు. ఇంత చిన్న ప్రశ్న ఆ గదిలో అంతకుముందు ఎవరూ అడగలేదంటే మీరు నమ్మాలి మరి.

మనిషి పొట్టి. నిలబడితే ఫైళ్ల బీరువా సగానికి వస్తుంది. పట్టుదల మాత్రం బీరువా అంత. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి తనే ఒక పద్ధతి పెట్టుకుంది. నియమం ఎవరి కోసం చేశారో, వాళ్లలో ఒక మనిషి ఫోను నంబరు ఎలాగోలా సంపాదించేది. తేనె పట్టేవాళ్లలో ఒకరు, గొర్రెలు మేపేవాళ్లలో ఒకరు, వెదురు కొట్టేవాళ్లలో ఒకరు. నెలకోసారి ఫోను చేసి, క్షేమం అడిగి, పని ఎలా ఉందో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు పొడుగు నోటుపుస్తకంలో రాసుకునేది. అందరి నంబర్లూ దొరకలేదు. దొరికిన నలభై మందినీ ఇన్నేళ్లలో ఒక్క నెల కూడా వదల్లేదు. కాన్పుకి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మంచం మీంచి ఫోను చేసిందని చెప్పుకుంటారు. అది నిజమే, నర్సు తిట్టింది కూడా.

ఇంట్లో అత్తగారికి ఈ ఫోన్ల గోల బొత్తిగా గిట్టేది కాదు. ఆఫీసులో పూర్తికాని ఫోన్లు కోడలు ఇంటికొచ్చాక చేస్తుంటే, కూర తరుగుతూ ఓ చెవి అటు వేసి, మధ్యలో ఓ మాట విసిరేది. ఊళ్లో వాళ్ల గొర్రెలన్నీ క్షేమమేనా అమ్మా, ఇక మన ఇంట్లో మనుషుల సంగతి చూడొచ్చా, అని. నిండిపోయిన నోటుపుస్తకాలు మంచం కింద పేరుకుపోతుంటే, అందులో ఒకదాన్ని ఆవిడ ఫ్రిజ్ కాలి కింద ఎత్తుగా కూడా పెట్టేసింది.

ఆ నలభై మందిలో ఆమెకి బాగా దగ్గరైన మనిషి ఉప్పుటేరు దగ్గర ఆల్చిప్పలు ఏరే పెద్దమ్మ. మొహాలు ఎప్పుడూ చూసుకోలేదు. గొంతులే చుట్టరికం. ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుకా చిప్పలూ పేరుకున్న మూడు మేటలున్నాయి. ఏటా రెండు మేటల్లో నలభై మంది ఆడవాళ్లు చేత్తో ఆల్చిప్పలు ఏరుకుంటారు, మూడోదానికి విశ్రాంతి. యంత్రాలు పెట్టి తోడటానికి వీల్లేదు. పన్నెండేళ్ల కిందట వచ్చిన నియమం అది. ఆ ఆల్చిప్పలు ఏరు నీళ్లని వడగడతాయి, ఆ నీళ్లలో చేప గుడ్డు పెడుతుంది, మేటలు గట్టిగా ఉంటే కెరటం ఒడ్డుని కోయదు. పట్టికలో దీన్నంతటినీ కలిపి ‘పర్యావరణ సేవలు’ అని రాస్తారు. పెద్దమ్మ మాత్రం, ఏరు బాగుంటే మేం బాగుంటాం అంటుంది. ఎక్కడమ్మకి ఈ రెండో మాటే నచ్చింది.

ఆ నెల మొదటి సోమవారం ఎప్పట్లాగే ఫోను చేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పెద్దమ్మ గొంతు ఆరోజు తగ్గి ఉంది. విశ్రాంతిలో ఉన్న పడమటి మేట చుట్టూ ఎవరో వచ్చి ఎర్రజెండాలు కట్టిన కర్రలు పాతారట. సున్నం కోసం చిప్పలు తోడే కంపెనీ వాళ్లట. వచ్చే నెల ఒకటో తారీఖున బార్జి అనే పెద్ద యంత్రాల పడవ తెస్తామని చెప్పారట. సరిగ్గా అదే రోజు ఆ మేట తెరవాలి. ఏడాదిపాటు ముట్టుకోని మేట, చిప్పలు దండిగా ఉంటాయి, కన్ను పడకుండా ఉంటుందా?

“వాళ్ల దగ్గర కాగితం ఉందంటమ్మా. మీ నియమం ఈ నెలాఖరుకి అయిపోతుందని చెప్పారు. నిజమేనా?”

ఎక్కడమ్మ నవ్వేసింది. ఎవరో బెదిరించడానికి అని ఉంటారు పెద్దమ్మా, నేనుండగా నీకెందుకు భయం, అని హామీ ఇచ్చి ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఎందుకైనా మంచిదని బీరువాలోంచి ఆ నియమాల ప్రతి తీసింది. మొదటి పేజీ ఆమెకి కొట్టిన పిండి. రెండోదీ అంతే. నాలుగో పేజీ అడుగున, సంతకానికి పైన, పదకొండో నియమం ఉంది. ఈ నియమాలు పన్నెండేళ్లు అమల్లో ఉంటాయి. గడువులోగా మేటల పరిస్థితి బాగుందని ఆధారాలతో సమీక్షా సంఘం ముందు నిరూపిస్తే పొడిగించవచ్చు. లేకుంటే వాటంతటవే రద్దవుతాయి.

వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టింది. పన్నెండూ ఈ నెలాఖరుకే నిండుతాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తప్పు ఆమెదే. మిగతావాళ్లు కాగితం చూసి నేలని మర్చిపోయారు. ఆమె నేలని చూస్తూ కాగితం మర్చిపోయింది. ప్రతి నెలా పెద్దమ్మ నోటి వెంట నియమం బతికే ఉందని వింటున్న మనిషికి, దాని ఆయుష్షు ఎంతో చివరి పేజీ తిప్పి చూడాలని పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. తోచకపోగా, పైపెచ్చు ‘నేనుండగా’ అని హామీ ఒకటి. ఆమె ఆ సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. తనమీద తనకి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

గడువు ఇంకా ఇరవై నాలుగు రోజులు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గదిలోకి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, మెత్తని మనిషి. అంత మెత్తదనం కూడా ఒక్కోసారి ప్రమాదమే. అంతా విని, కళ్లజోడు తుడుచుకుని, పొడిగించాలంటే పన్నెండేళ్ల కొలతలు కావాలి కదా, మన దగ్గర ఏవీ, అన్నాడు. పట్టికలో ‘కొలతలు’ అనే గడి కూడా ఉంది. అందులో పన్నెండేళ్లుగా ‘సేకరణలో ఉన్నాయి’ అని రాస్తున్నారు. ఎవరూ సేకరించలేదు. తర్వాత ఆయన ఒక ఉపాయం చెప్పాడు. పట్టిక ముప్పయ్యో తారీఖున పంపేద్దాం. ఆరోజుకి నియమం అమలులోనే ఉంటుంది కాబట్టి మనం రాసింది అబద్ధం కాదు.

“మర్నాడు, సార్?”

“మర్నాడు సంగతి వచ్చే ఏడాది పట్టికలో చూద్దాం.”

ఆమె ఆ వరుస మీద సంతకం పెట్టనంది. ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో పై అధికారికి కాదు అని చెప్పడం అదే మొదలు. ఆయనకి కోపం రాలేదు, కంగారు వచ్చింది. ఆధారాలు తెస్తే సంఘాన్ని కూర్చోబెట్టే పూచీ నాది, తేలేకపోతే సంతకం పెట్టాలి, అన్నాడు. ఆమె సరేనంది. అనేసి బయటికొచ్చాక గానీ అసలు సంగతి తోచలేదు. ఎక్కడి ఆధారాలు? ఎక్కడ, ఎక్కడ అని ఊరందర్నీ వేపుకుతిన్న మనిషి మీదకే ఇప్పుడు ఆ ప్రశ్న తిరిగొచ్చింది.

ఇంటికెళ్లి కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతూ కూర్చుంది. అత్తగారు చూసి చూసి, ఏమిటీ సంగతని గద్దించింది. చెప్పక తప్పలేదు. అంతా విన్నాక అత్తగారు చేయి కడుక్కుంటూ, తాపీగా అంది.

“మరి నెలనెలా ఆవిణ్ణి అడుగుతావుగా, గుప్పెడుకి ఎన్ని పడుతున్నాయని? అది కొలత కాదా?”

ఎక్కడమ్మ ఎంగిలి చేత్తోనే మంచం కిందికి వంగి మొదటి నోటుపుస్తకం లాగింది. పన్నెండేళ్ల కిందట మొదటి ఫోనులో, చిప్పలు ఎంత ఉంటున్నాయి పెద్దమ్మా అని అడిగితే, ఫోనులో సైజు ఎలా చూపిస్తానే, నా గుప్పెట్లో పద్నాలుగు పడుతున్నాయి, రాసుకో, అంది పెద్దమ్మ. చిప్ప పెద్దదైతే గుప్పెట్లో తక్కువ పడతాయి, చిన్నదైతే ఎక్కువ. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే లెక్క. అప్పట్నుంచి ప్రతి నెలా అదే ప్రశ్న. పెద్దమ్మ తన గుప్పెడుతోపాటు పక్కనున్న మరో నలుగురి గుప్పెళ్లూ లెక్కపెట్టించి చెప్పేది. ఏ మేటలోవో కూడా చెప్పేది. ఆమె అవన్నీ రాసుకుంది గానీ, అవి కొలతలని ఆమెకే తెలీదు. కూర తరుగుతూ ఓ చెవి అటు వేసిన మనిషికి తెలిసింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వంట ఆలస్యమైంది. మంచం కింది నోటుపుస్తకాలన్నీ బయటికొచ్చాయి. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదవడం, కోడలు పెద్ద కాగితం మీద రాయడం. ఆరో ఏడాది పుస్తకం ఎంత వెతికినా కనిపించలేదు. చివరికి అత్తగారే నాలిక కరుచుకుని, కొడుకుని పిలిచి ఫ్రిజ్ ఎత్తించింది. పుస్తకం అడుగున తడిసి అతుక్కుపోయింది గానీ అక్షరాలు దక్కాయి. ఏడో ఏడాది దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగి, ఇదేమిటే, తొమ్మిదికి దిగింది మళ్లీ పదమూడయింది, తప్పు రాశావా, అని నిలదీసింది. తప్పు కాదు అత్తయ్యా, ఆ ఏడు వరద వచ్చి మేట మీద బురద పడింది, అంది కోడలు. ఆ తర్వాత ఆడవాళ్లే మాట్లాడుకుని ఆ మేటని రెండేళ్లు వదిలేశారు. మళ్లీ పది, తొమ్మిది, ఎనిమిది. ఆ ఎనిమిది చదివినప్పుడు అత్తగారి గొంతులో ఎంత సంతోషమో! ఎన్నడూ చూడని ఏరు ఆవిడదే అయిపోయినట్టుంది.

నాలుగు రోజుల్లో నూట నలభై నాలుగు నెలలూ ఒక్క కాగితం మీదికి, ఒకే గీతగా వచ్చాయి. డైరెక్టరు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత సమీక్షా సంఘానికి తనే ఫోను చేశాడు. ఏమాటకామాటే, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు.

సంఘం ఇరవై ఆరో తారీఖున కూర్చుంది. పొడుగు బల్ల, ఐదుగురు పెద్దలు, గోడకి ఓ పెద్ద తెర. కంపెనీ తరఫున వచ్చినాయన నలభై పేజీల రంగుల నివేదిక పంచిపెట్టాడు. ఎక్కడమ్మ ఒకే ఒక్క కాగితం పంచింది. సంఘంలో చేపల శాస్త్రవేత్త ఒకావిడ ఉంది. కాగితం చూడగానే ఆవిడ పెదవి విరిచింది. గుప్పెడు అనేది కొలమానం కాదనీ, ఒక్కొక్కరి గుప్పెడు ఒక్కోలా ఉంటుందనీ తేల్చేసింది. కంపెనీ ఆయన నవ్వు దాచుకోలేదు.

ఎక్కడమ్మ లేచింది. లేచినా పెద్ద తేడా తెలీలేదు గానీ, గొంతు మాత్రం గది చివరిదాకా వినిపించింది.

“ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది మేడమ్, నిజమే. కానీ పన్నెండేళ్లుగా కొలిచింది అదే ఐదుగురు ఆడవాళ్లు. అవే చేతులు. చేతులు మారకుండా లెక్క మారిందంటే, మారింది ఏమిటి?”

శాస్త్రవేత్త మళ్లీ కాగితం దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తన కంప్యూటర్ తెరిచింది. వాళ్ల సంస్థ ఆ మేటల్ని రెండుసార్లు కొలిచిందట, మూడో ఏడాది ఓసారి, తొమ్మిదో ఏడాది ఓసారి. స్కేలు పెట్టి, మిల్లీమీటర్లలో. ఆ రెండు అంకెల్నీ గుప్పెడు లెక్కలోకి మార్చి, ఎక్కడమ్మ గీత పక్కన తెర మీద పెట్టింది. రెండుచోట్లా గీత మీదే పడ్డాయి. ఎటూ జరగలేదు.

పెదవి విరిచిన ఆవిడే ఇప్పుడు కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. మేం రెండుసార్లు కొలిచాం, వీళ్లు నూట నలభై నాలుగుసార్లు కొలిచారు, ఇంతకంటే మంచి ఆధారం నా ఉద్యోగంలో నేను చూడలేదు, అని సంఘానికి చెప్పింది. శాస్త్రవేత్త అంటే అలా ఉండాలి. తప్పని తెలిసిన క్షణంలో ఒప్పుకుంది, దాచుకోలేదు. కంపెనీ ఆయన రంగుల నివేదికలో మేటలు ఎండిపోయాయని రాసిన పేజీని సంఘం అధ్యక్షుడు రెండు వేళ్లతో తీసి పక్కకి నెట్టాడు.

నియమం పొడిగించారు. మరో పన్నెండేళ్లకా అని అధ్యక్షుడు అడిగితే, శాస్త్రవేత్తే వద్దంది. గడువు పెడితే మళ్లీ ఎవరో మర్చిపోతారు, అంది. ఎక్కడమ్మ తల దించుకుంది, ఎవరూ చూడలేదు. కొత్త పదకొండో నియమం ఆ బల్ల దగ్గరే రాశారు. ఐదుగురు సేకరించేవాళ్ల గుప్పెడు లెక్క నెలనెలా విభాగం ఫోను చేసి తీసుకోవాలి, సగటు పదికి మించితే ఆ మేటకి విశ్రాంతి ఇవ్వాలి, ఇలా చూసుకున్నంతకాలం నియమం కొనసాగుతుంది. ప్రభుత్వ భాషలో గుప్పెడు అనే మాట పడటం చూసి పక్క సీటు గుమస్తా మూడు రోజులు నవ్వుకున్నాడు. నవ్వుతూనే, మిగతా నూట డెబ్భై నాలుగు వరుసలకీ ఫోను నంబర్లు వెతకడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది గెజిట్. అది అచ్చయితేగానీ నియమం నియమం కాదు. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం మూడింటికి అచ్చు కాగితం ఆమె చేతికొచ్చింది, సిరా వాసన కొడుతూ. రేవు అధికారికి కంప్యూటర్లో పంపారు గానీ, ముద్ర ఉన్న ప్రతి చూస్తేగానీ బార్జిని ఆపనని ఆయన భీష్మించాడు. డైరెక్టరు పోస్టులో పంపిద్దామన్నాడు. ఎక్కడమ్మ సంచీలో కాగితం పెట్టుకుని బస్సెక్కేసింది.

ఒకటో తారీఖు పొద్దున్న ఏడింటికి రేవులో దిగింది. బార్జి అప్పటికే వచ్చేసింది. పొడుగాటి ఇనుప గొట్టం ముందుకు చాచి, పడమటి మేటకి ఎదురుగా ఇంజను ఆడిస్తూ ఉంది. ఒడ్డు మీద నలభై మంది ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో బారుగా నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయడం లేదు. రేవు అధికారి గది ఒక రేకుల షెడ్డు. తిన్నగా లోపలికి వెళ్లి, కాగితం బల్ల మీద పెట్టి, ముద్ర మీద వేలు ఆనించింది. ఆయన మొదటి నుంచి చివరిదాకా తాపీగా చదివాడు. ముద్రని వెలుగులో పెట్టి చూశాడు. తర్వాత వైర్‌లెస్ తీసి బార్జికి మాట్లాడాడు. రెండే ముక్కలు. అనుమతి లేదు, వెనక్కి తిప్పండి.

అవతల్నుంచి చాలా మాటలు వచ్చాయి, కొన్ని రాయదగ్గవి కావు. ఆయన వైర్‌లెస్ కట్టేశాడు.

ఇంజను చప్పుడు మారింది. గొట్టం మెల్లగా పైకి లేచింది. బార్జి నల్లగా పొగ వదులుతూ, అంత పెద్ద ఒళ్లు తిప్పుకోలేక తిప్పుకుంటూ, ఏటి మలుపు వైపు వెళ్లిపోయింది. అది కనిపించినంతసేపూ ఆడవాళ్లు కదల్లేదు. మలుపు తిరగ్గానే ఎవరో ఓ గొంతు లేచింది, ఆ వెంటనే నలభై గొంతులూ లేచాయి. అరుపులో నవ్వులో తెలీదు, ఒడ్డంతా దద్దరిల్లింది.

గుంపులోంచి ఒక పొడుగాటి ముసలావిడ వచ్చి ఆమె ముందు ఆగింది. కిందికీ పైకీ చూసింది.

“నువ్వేనా? ఫోనులో ఆ గొంతు విని నువ్వు ఆరడుగులుంటావనుకున్నానే!”

ఎక్కడమ్మ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. చివరి పేజీ చదవకపోవడం తన తప్పేనని, నీకు ఉత్త హామీ ఇచ్చానని, ఈ మూడువారాలూ నిద్రపోలేదని అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పెద్దమ్మ విని, అయిందిగా, ఇక ఊరుకో, అని భుజం మీద చెయ్యేసింది. అలాగే మెల్లిగా అడిగింది.

“మళ్లీ ఎన్నేళ్లకి అయిపోతుందమ్మా ఇది?”

“ఏళ్లు లేవు పెద్దమ్మా. మీరు చూసుకున్నన్నాళ్లూ ఉంటుంది.”

పెద్దమ్మ వెనక్కి తిరిగి ఆ మాట గట్టిగా అందరికీ చెప్పింది. కర్రలకున్న ఎర్రజెండాల్ని ఎవరో అప్పుడే పీకి ఒడ్డున పడేస్తున్నారు. పోటు తగ్గుతోంది. ఆడవాళ్లు బుట్టలు నడుముకి బిగించుకుని, ఒకరి వెనక ఒకరు పడమటి మేటలోకి దిగారు.